ఈసారి బడికి డిజిటల్ బోర్డు వద్దు

డిసెంబరు సెలవులకు ఊరెళ్ళేవాళ్ళలో చాలామందికి, చదువుకున్న జడ్పీ హైస్కూలుకు ఏదో ఒకటి ఇచ్చి రావాలని ఉంటుంది. సంతోషం. గేటు, ఆర్వో ప్లాంటు, బెంచీలు, ఈమధ్య డిజిటల్ బోర్డు. ఇలాంటివాటి కోసం ఆంధ్రలో 2019లో నాడు-నేడు, తెలంగాణలో 2022లో మన ఊరు-మన బడి పథకాలు వచ్చాయి. అయినా పల్లె పిల్లల చదువుల మీద జరిగే అసర్ సర్వే, 2024ది చూడండి. గ్రామీణ భారతంలో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 23.4 శాతమే.

నన్నడిగితే అసలు కరువు హెచ్ఎం గారి టైముకు. హాజరు యాప్, కోడిగుడ్ల లెక్క, యూనిఫాం కొలతలు, ఎంఈవో ఆఫీసు నుంచి వాట్సాప్‌లో ‘అర్జంటు’ సమాచారం. ఆంధ్రలో కొన్నేళ్ళు టాయిలెట్ల ఫొటోలు తీసి పంపే పని కూడా బడివాళ్ళ మెడకే చుట్టారు. మిగిలిన కాస్త ఓపికా పదో తరగతి ఫలితాలకే సరి. ఆరో తరగతి గడప తొక్కేదెప్పుడు?

తొక్కితే చాలా కనపడుతుంది. వెనక బెంచీలో కూర్చుని పక్క పిల్లాడి లెక్కల నోట్సు తిరగేస్తే, 52లోంచి 27 పోతే 35 అని వేసి ఉంటుంది. పక్కనే ఎర్ర ఇంకుతో టిక్కు! వాడికి పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం రాదు, ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నాడు. కట్టలకొద్దీ నోట్సులు దిద్దే టీచరు కంటికి అది ఆనలేదు. సాయంత్రం ఆవిడతో కాసేపు కూర్చుని, “ఇలా ఇంకెంతమంది చేస్తున్నారు మేడం? రేపు వాళ్ళకి పుల్లల కట్టలతో మళ్ళీ చెబుదామా, నేనూ వస్తాను” అనే హెచ్ఎం ఉంటే ఆ క్లాసు బాగుపడుతుంది. మెమో ఇచ్చే హెచ్ఎం ఉంటే మర్నాటి నుంచి టిక్కులు ఇంకా అందంగా పడతాయి.

టీచర్లతో పాటు ప్రధానోపాధ్యాయులకూ ఏటా 50 గంటల శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. మంచిదే. నేర్చుకున్నది వాడే తీరిక ఎవరిస్తారు?

మనం కొంత ఇవ్వొచ్చు. డిజిటల్ బోర్డుకు పెట్టే డబ్బుతో, అధికారుల అనుమతి తీసుకుని, ఊళ్ళో డిగ్రీ చదివినవాళ్ళనొకరిని జీతమిచ్చి ఆన్‌లైన్ పనికి పెట్టండి. బదులుగా హెచ్ఎం గారిని ఒక్కటే కోరండి: రోజూ ఒక పీరియడ్ ఏదో ఒక క్లాసులో కూర్చోవాలి, అదీ ఆరో తరగతి నుంచి మొదలుపెట్టి. శిలాఫలకం మీద పేరు పడదనుకోండి, మనలో కొందరికి అదొక్కటే ఇబ్బంది.