చీటీ వేసి చూడండి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఒక పథకం మూతపడేదాకా వెళ్లి ఆగింది. ఉపాధి హామీ కూలీలకు, పింఛనుదారులకు వేలిముద్ర చూసి డబ్బు ఇచ్చే స్మార్ట్‌కార్డుల పథకం అది. మిషన్లు మొరాయిస్తున్నాయని, ముసలివాళ్ల వేళ్లు అరిగి గుర్తు పట్టడం లేదని, జనం ఇబ్బంది పడుతున్నారని కబుర్లు పైదాకా వెళ్లాయి. అవన్నీ అబద్ధాలు కావు. కాకపోతే చేతివాటానికి దారి మూసుకుపోయినవాడు గట్టిగా అరుస్తాడు, కూలి డబ్బు సమయానికి అందినామె ఎవరికీ అర్జీ పెట్టుకోదు. వేలిముద్ర పడని అవ్వ ఫొటో పత్రికలకు వార్త, పడి డబ్బు తీసుకెళ్లిన అవ్వ వార్త కాదు. ఈ తప్పులో మాకూ వాటా ఉంది.

పథకాన్ని కాపాడిన వాటిలో ఒక సర్వే కూడా ఉంది. కార్డు వాడుతున్నవాళ్లనే అడిగితే పదిమందిలో తొమ్మిది మంది పాత పద్ధతి కన్నా ఇదే నయమన్నారు.

ఆ సర్వే అప్పటికప్పుడు చేయించింది కాదు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ఆర్థికవేత్తలతో కలిసి ప్రభుత్వం ముందే ఒక ఏర్పాటు చేసుకుంది. 8 జిల్లాల్లో ఎలాగూ విడతలవారీగానే కార్డులు ఇవ్వాలి కాబట్టి, ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ తీసి తేల్చారు. అధికారులకు వదిలేస్తే చురుకైన ఎంపీడీవో ఉన్న మండలాన్నో, రోడ్డు పక్క మండలాన్నో ముందు పెట్టేవారు. తర్వాత ఫలితం బాగుంటే అది కార్డు గొప్పా, ఆ ఎంపీడీవో గొప్పా చెప్పడం ఎవరి తరమూ కాదు. అధ్యయనంలోకి వచ్చినవి 157 మండలాలు, అక్కడి జనాభా సుమారు కోటీ 90 లక్షలు. తేలిందేమిటంటే, కార్డులొచ్చిన మండలాల్లో కూలి డబ్బు త్వరగా అందింది. ప్రభుత్వ ఖర్చు పెరగకుండానే ఉపాధి హామీ కింద కుటుంబాలకు చేరిన సొమ్ము 24 శాతం పెరిగింది. మధ్యలో మాయమయ్యేది 41 శాతం తగ్గింది. అదీ సగం చెల్లింపులే కార్డుల మీద జరుగుతున్న రోజుల్లో.

అయితే వేలిముద్ర పెడితే చాలు, అవినీతి పోతుందని దీన్ని బట్టి అనుకోకూడదు. ఇదే బృందం జార్ఖండ్‌లో రేషన్ దుకాణాల్లో ఆధార్ వేలిముద్రను పరీక్షించింది. అక్కడ దాని వల్ల దోపిడీ పెద్దగా తగ్గలేదు సరికదా, నిజమైన లబ్ధిదారులు కొందరికి బియ్యం అందకుండా పోయింది. మిషను అదే, ఊరు వేరు, అమలు వేరు. అందుకే ఎక్కడికక్కడ పరీక్షించి చూడాలంటున్నాం.

కొన్నిసార్లు ఫలితం చేదుగా ఉంటుంది. 2005-06లో ఇక్కడి ప్రభుత్వ బడుల్లో చేసిన ఒక ప్రయోగంలో, పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రాసి పంతుళ్ల చేతికి నివేదికలిచ్చారు. పరీక్షల్లో తేడా ఏమీ కనిపించలేదు. నివేదికలు, డ్యాష్‌బోర్డులు, యాప్‌లు అంటే మన విద్యాశాఖలకు ఎందుకో ఇప్పటికీ తీరని మోజు.

మరికొన్నిసార్లు చాలా చిన్న పని ఫలిస్తుంది. 2018 వానాకాలంలో తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు కింద ఎకరాకు 4,000 రూపాయల చొప్పున చెక్కులు పంచింది. లాటరీలో వచ్చిన కొన్ని మండలాల వ్యవసాయ అధికారులకు ముందుగా ఒక్క మాట చెప్పారు: చెక్కు అందిందో లేదో మీ రైతులకు ఫోన్ చేసి కనుక్కుంటామని. అంతే. చెక్కు అందిన రైతులు ఆ మండలాల్లో 1.5 శాతం పెరిగారు. తక్కువే అనిపించవచ్చు. కానీ అదనంగా రైతుకు చేరిన ప్రతి రూపాయికీ అయిన ఖర్చు 4 పైసల లోపే. పర్యవేక్షణకు కొత్త పోస్టులు సృష్టించి ఉంటే ఇంత చవగ్గా అయ్యేదా?

ఆకలితో ఉన్నవాడి బియ్యానికి లాటరీ ఏమిటని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. హక్కుగా అందాల్సిన దాన్ని ప్రయోగం పేరుతో ఎవరికీ ఆపకూడదు. పేదలకు ఏమివ్వాలన్నది సమాజం తేల్చుకోవాల్సిన విషయం, ఏ లాటరీ దాన్ని తేల్చదు. మేం అడుగుతున్నది అంతకన్నా చిన్నది. కొత్త పథకం రాష్ట్రమంతా ఒక్కరోజులో ఎటూ మొదలు కాదు. ముందు మొదలయ్యేది ఎమ్మెల్యే పట్టుబట్టిన మండలంలోనా, చీటీలో వచ్చిన మండలంలోనా అన్నదే తేడా. చీటీ వేయడానికి ఖర్చేమీ కాదు.

ఇప్పటిదాకా ఇలాంటివి ఒక అధికారి ఆసక్తి మీద, ఒక పరిశోధకుడి పరిచయం మీద నడిచాయి. ఆ అధికారి బదిలీ అయితే కథ కంచికే. రెండు రాష్ట్రాల్లోనూ దీన్ని జీవోగా పెట్టాలి. పెద్ద పథకాల మొదటి విడత మండలాలను బహిరంగంగా లాటరీ తీయాలి. కొలిచే పని, పథకం నడిపే శాఖకు కాకుండా బయటివాళ్లకు ఇవ్వాలి. బాగున్నా బాగోలేకపోయినా ఫలితాన్ని తదుపరి బడ్జెట్‌కు ముందే శాసనసభలో పెట్టాలి. పనులు మానుకుని కూర్చుని సర్వేవాళ్ల ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చింది కూలీలు, రైతులు. వాళ్ల జవాబుల్లోంచి తేలిందేమిటో రెండు పేజీల తెలుగులో రాసి వాళ్ల పంచాయతీ గోడకే అంటించాలి.