మా అత్తగారిని నేను హింసిస్తున్నానట!

పోయిన ఆదివారం మా ఆడపడుచు గుంటూరు నుంచి వచ్చింది. కృష్ణలంకలో మా గుమ్మం ఎక్కేసరికి లోపల అత్తయ్య "అమ్మో, అబ్బో" అంటున్నారు, నేను "ఇంకో ఐదు, అత్తయ్యా" అంటున్నాను. ఇంకేముంది, సాయంత్రానికల్లా చుట్టాలందరికీ ఫోన్లు. ఆపరేషన్ అయిన మనిషిని కోడలు పడుకోనివ్వట్లేదట!

మోకాలి మార్పిడి అయి ఇది మూడో వారం. కీలు కొత్తదే కానీ దాన్ని ఆడించాల్సిన తొడ కండరం పాతదే కదండీ. నొప్పికి భయపడి ఏళ్ళ తరబడి వాడక అది ఎప్పుడో సన్నబడింది, ఆపరేషన్‌తో ఇంకాస్త డీలా పడింది. ఇప్పుడు కదపకపోతే మోకాలు బిగుసుకుపోతుంది. తర్వాత కొందరికి మత్తిచ్చి మరీ వంచాల్సి వస్తుంది. కుర్చీలోంచి సుఖంగా లేవాలంటే 90 డిగ్రీలైనా వంగాలి. ఇంటికొచ్చిన రోజు అత్తయ్యది 65. నిన్న ఫిజియో అబ్బాయి కొలిస్తే 95!

పరుపు మీద మడమ జారడానికి బీసెంట్ రోడ్డులో చీర కొన్నప్పుడు ఇచ్చిన ప్లాస్టిక్ కవరు వేస్తాం. దాని మీద మడమను మెల్లగా వెనక్కి లాక్కోవాలి. తర్వాత చీలమండ కింద తువ్వాలు చుట్టి పెట్టి, మోకాలిని కిందికి నొక్కి ఐదు అంకెలు లెక్కపెట్టాలి. పాదం పైకీ కిందికీ ఆడిస్తుంటే "దీనికి కూడా ఫిజియోకి డబ్బులా?" అంది ఆడపడుచు. పిక్కలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికే తల్లీ అది! అయ్యాక ఐసు పెడతాను. పిక్క వాచి నొప్పెడితే మాత్రం వ్యాయామం ఆపి డాక్టరు దగ్గరికే.

ఆసుపత్రి వాళ్ళు మాత్రలు రంగులతో సహా వివరించారు. డిశ్చార్జి కాగితం అడుగున మాత్రం 'ఫిజియోథెరపీ' అని ఒక్క ముక్క. ఏం చెయ్యాలో, రోజుకెన్నిసార్లో చెప్పిన పాపాన పోలేదు.

మనకి ప్రేమంటే మంచం దిగనివ్వకపోవడం. మా నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు మేమూ అదే చేశాం. ఆయన కుడిచేత్తో ముద్ద కలపబోతే గిన్నె లాక్కుని మేమే తినిపించాం. పడిపోయిన చేతితో పదేపదే చేయిస్తేనే మెదడు ఆ పని మళ్ళీ నేర్చుకుంటుందని మాకెవరు చెప్పారు? ఆ చెయ్యి చివరిదాకా ముడుచుకునే ఉంది. అందుకే ఇప్పుడు ఎవరేమనుకున్నా నాకు లెక్కలేదు.

నిన్న రాత్రి ఆడపడుచు మళ్ళీ ఫోన్ చేసింది. అత్తయ్యే ఎత్తారు. "ఉండవే, ఇంకా ఎనిమిదున్నాయి" అని పెట్టేశారు.