తమ్ముడికి ఊబకాయమట, నాన్న నార్మలట

మా తమ్ముడు ఎనిమిదేళ్లుగా జిమ్‌కి వెళ్తున్నాడు. ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు, నడుము 81 సెంటీమీటర్లు. పోయినేడాది ఆరోగ్య బీమాకి దరఖాస్తు చేస్తే, బీఎంఐ (బరువుని ఎత్తుతో పోల్చే లెక్క) 28.4 ఉంది కాబట్టి ఊబకాయం కిందికి వస్తుందని ప్రీమియం పెంచేశారు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయని జతచేసి పంపినా వినలేదు. అదే ఇంట్లో మా నాన్న ఎత్తు 168, బరువు 64 కిలోలు. బీఎంఐ 22.7, అంటే నార్మల్. ఆయనకి మూడేళ్లుగా షుగర్ ఉంది. కాళ్లూ చేతులూ సన్నగానే ఉంటాయి కానీ చొక్కా గుండీలు బొజ్జ దగ్గర బిగుసుకుపోతాయి. నడుము 96.

ఒకే ఇంట్లో ఒకే లెక్క రెండుసార్లు తప్పింది. ఈ రెండు తప్పుల్లో ఒకదాని గురించే మనం గట్టిగా మాట్లాడుకుంటున్నాం. ప్రాణాల మీదికి తెచ్చేది మాత్రం రెండోది.

కిలోల్లో బరువుని, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. ఈ లెక్క కట్టింది డాక్టరు కాదు. బెల్జియంకి చెందిన ఖగోళ, గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే 1830లలో 'సగటు మనిషి' కొలతలు వెతుకుతూ, పెద్దవాళ్ల బరువు దాదాపుగా ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతోందని గమనించాడు. ఊబకాయం ఆయన ఆలోచనలోనే లేదు. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం వేర్వేరు దేశాల్లో 7 వేలకు పైగా మగవాళ్లని కొలిచి, ఉన్న సులువు లెక్కల్లో ఇదే మేలని తేల్చి, దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది. జనసమూహాలని పోల్చడానికి పనికొచ్చిన సూత్రం అలా మెల్లగా ఒక్కొక్క మనిషి మీద తీర్పు చెప్పే స్థాయికి చేరింది.

కండ బరువెక్కువ, కొవ్వు తేలిక అని జిమ్‌లో తరచూ అంటుంటారు. లీటరు కండ సుమారు 1.06 కిలోలు, లీటరు కొవ్వు సుమారు 0.9 కిలోలు తూగుతుంది కాబట్టి అందులో నిజం ఉంది. అయితే అసలు చిక్కు అది కాదు. ఆ సూత్రానికి అందేది మొత్తం బరువు ఒక్కటే. పది కిలోల కండ పెంచినా, పది కిలోల కొవ్వు పెరిగినా దానికి ఒకటే.

మన శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరినే తీసుకోండి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. 69 కిలోల మనిషి బీఎంఐ భారతీయులకి పెట్టిన 23 అధిక బరువు గీత దాటకూడదంటే కనీసం 173 సెంటీమీటర్లకి కాస్త పైనే ఎత్తుండాలి, అంటే సుమారు 5 అడుగుల 8 అంగుళాలు. ఆ విభాగంలో పోటీపడే అమ్మాయిల్లో ఎక్కువమంది అంత ఎత్తుండరు. ఒలింపిక్ వేదిక మీద నిలబడ్డవాళ్లని కూడా ఈ లెక్క అధిక బరువు గడిలోనే వేస్తుంది. కాబట్టి కండబలం ఉన్నవాళ్ల విషయంలో బీఎంఐ నమ్మదగ్గది కాదు. ఇందులో నాకు అనుమానమేమీ లేదు.

కానీ ఆ మాట చెప్పుకునే హక్కు ఎంతమందికి ఉంది? అమెరికాలో 13 వేలకు పైగా పెద్దవాళ్ల శరీరంలో కొవ్వుని కొలిచి 2008లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఒంట్లో కొవ్వు ఎక్కువగా లేని మగవాళ్లలో బీఎంఐ అక్కడి ఊబకాయం గీత 30 దాటి పొరపాటున ఊబకాయం ముద్ర పడినవాళ్లు 5 శాతమే. ఆడవాళ్లలో 1 శాతం. అదే నిజంగా కొవ్వు ఎక్కువున్న మగవాళ్లలో ఆ గీత పట్టుకోగలిగింది 36 శాతం మందిని, ఆడవాళ్లలో 49 శాతం మందిని. అంటే మా తమ్ముడి లాంటివాళ్లు కొద్దిమంది, మా నాన్న లాంటివాళ్లు కోకొల్లలు.

మన ఒంటి తీరు వల్ల ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పుణే డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడిన ఫొటో 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. ఒకే అంకె, రెట్టింపు పైగా కొవ్వు. మనవాళ్లకి అధిక బరువు గీతని 25 నుంచి 23కి, ఊబకాయం గీతని 30 నుంచి 25కి దించడానికి కారణం ఇదే. అయినా మా నాన్న 22.7తో తప్పించుకున్నారు.

ఒకప్పుడు ఆటలాడినవాళ్ల సంగతి మరీ భయం వేస్తుంది. కాలేజీలో కబడ్డీ ఆడిన 80 కిలోల కుర్రాడు నలభై ఏళ్లకి కుర్చీలో కూర్చునే ఉద్యోగంలో అదే 80 కిలోలు ఉంటాడు. తొడల్లో కండ కరిగి పొట్టలో కొవ్వు చేరుతుంది. బరువు మారలేదు, బీఎంఐ మారలేదు. 'నాది ఆడిన బాడీ' అనే ధీమా కూడా మారదు.

దీనికి పెద్ద మెషీన్లు అక్కర్లేదు. మొన్న ఇంట్లో పురికొసతో చూశాం. ఒక్కొక్కరినీ గోడకి ఆనించి నిలబెట్టి, తల నుంచి మడమ దాకా కొలిచి కత్తిరించి, సగానికి మడిచి నడుం చుట్టూ తిప్పాం. తమ్ముడికి కొసలు కలిసి ఇంకా మూడు వేళ్ల దారం మిగిలింది. నాన్నకి కొసల మధ్య బెత్తెడు కన్నా ఎక్కువే ఖాళీ. ఆయన ఆ ఖాళీ వైపే చూస్తూ, 'ప్యాంటు సైజు ముప్ఫై నాలుగే కదరా' అన్నారు. ప్యాంటు కట్టేది బొజ్జ కింద. మొలతాడూ అక్కడికే జారుతుంది. కొలవాల్సింది చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ మధ్య, ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాక్కోకుండా.

నడుము ఎత్తులో సగం దాటకూడదన్న ఈ లెక్క పల్లెటూరి చిట్కా ఏమీ కాదు. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు 2022 నుంచి ఇదే చెబుతున్నాయి. బీఎంఐ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని 2023లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తీర్మానించింది. నడుము కొలతతోనో, నేరుగా కొవ్వుని కొలిచో నిర్ధారించుకోవాలని 2025 జనవరిలో లాన్సెట్ నిపుణుల కమిషన్ సూచించింది. అంతదాకా ఎందుకు, మన ఊళ్లో 30 ఏళ్లు దాటినవాళ్ల కోసం ఆశా కార్యకర్త నింపే ఫారంలో నడుము కొలత ఉంది. మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే రిస్కు స్కోరు పెరుగుతుంది. ఇంటింటికీ టేపు పట్టుకుని తిరిగే ఆశా అడుగుతున్న ప్రశ్న, లక్షల పాలసీలు అమ్మే బీమా కంపెనీలు ఎందుకు అడగవు? పది రూపాయల టేపు చాలు. అటు తమ్ముడి మీద పడిన అదనపు ప్రీమియం ఆగేది, ఇటు నాన్న షుగర్ ముందే బయటపడేదేమో.

తమ్ముడి పాలసీ రెన్యువల్ ఫారం పోయిన వారం వచ్చింది. ఎత్తుకి గడి ఉంది, బరువుకి ఉంది. నడుముకి లేదు. రెండు కొలతలూ నింపి, కింద ఖాళీ చోట పెన్నుతో 'నడుము 81 సెం.మీ.' అని రాసి పంపించాం.