మహారాజశ్రీ ఖాళీ కుర్చీ గారికి

హైదరాబాద్,
20 నవంబర్ 2022, ఆదివారం.

మహారాజశ్రీ ఖాళీ కుర్చీ గారి దివ్య సముఖానికి,

గచ్చిబౌలి స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ జట్టు హోమ్ మ్యాచ్‌లకు మీ కుడిపక్కన కూర్చునే మనిషి నమస్కరించి రాసే సంగతులు. ఉభయకుశలోపరి. మీ క్షేమం ప్రత్యేకంగా అడగక్కర్లేదు. మీ మీద ఎవరైనా కూర్చుంటే కదా మీరు అరిగేది! నా సంగతంటారా, గొంతు పూర్తిగా పోయింది. ఉప్పు నీళ్లు పుక్కిలిస్తూ ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒకందుకు అదీ మంచిదే. నోటితో చెప్పే పనైతే మీకు ‘గారు’ దక్కేది కాదు.

నిన్న రాత్రి ఏం జరిగిందో మీకు చెప్పే పని లేదు. జరిగింది మీ మీదే.

ముందు చిన్నాచితకా ఫిర్యాదులు కానిచ్చేస్తాను. రాయదుర్గంలో మెట్రో దిగి ‘మ్యాచ్’ అని నోరు జారినందుకు ఆటో అతను రేటు పెంచాడు. గేటు దగ్గర జేబులో చిల్లరంతా డబ్బాలో వేసి పొమ్మన్నారు. పదిహేడు రూపాయలు. అదే ఏ గుడి హుండీలోనో వేసుంటే ఒక గోలైనా కోరుకునేవాణ్ణి. నీళ్ల సీసా కూడా అక్కడే ఆగిపోయింది. హాఫ్ టైంలో కొన్న కర్రీ పఫ్‌ను ఈ చివర నుంచి ఆ చివరి దాకా తవ్వినా కర్రీ తగల్లేదు. సరే, ఇవన్నీ హోమ్ మ్యాచ్‌కు కట్టే పన్ను అనుకుని వదిలేశాను. ఉన్న ఊళ్లో ఒక జట్టంటూ ఉంటే ఆ మాత్రం కట్టాలి.

మిమ్మల్ని మాత్రం వదలను.

మన దగ్గర కర్చీఫ్‌కు ఎంత విలువుందో మీకు తెలియదనుకోను. పల్లెవెలుగు బస్సు ఇంకా స్టాండులోకి మలుపు తిరుగుతుండగానే కిటికీలోంచి కర్చీఫ్ విసిరామా, ఆ సీటు మనదే. పట్టా లేదు, పాస్‌బుక్ లేదు, సాక్షి సంతకాల్లేవు. అయినా ఎంత మీసాలున్న మనిషైనా ‘ఇక్కడ కర్చీఫ్ ఉందండీ’ అంటే గొణుక్కుంటూ పక్కకి జరగాల్సిందే. ఆ చట్టం మీద నమ్మకంతోనే మ్యాచ్ మ్యాచ్‌కీ మీ మీద నా నీలం గళ్ల కర్చీఫ్ పరుస్తున్నాను. పరిచే ముందు దాంతోనే మీ దుమ్ము తుడుస్తాను. పావురాలు వదిలిన గుర్తులు గోకుతాను. మీ వీపు వెనక ఒక బోల్టు వదులైంది. ఎవరైనా బరువేసి కూర్చుని గబుక్కున లేస్తే మీరు టపటపమంటారు. చేత్తో నొక్కి వదిలి చూశాను కాబట్టి నాకు తెలిసింది. ఈ ఊళ్లో ఇంకెవరికీ తెలిసే అవకాశం లేదు.

ఇంత సేవ ఎవరి కోసమయ్యా అంటే, మా బామ్మర్ది కోసం.

2019లో జట్టు పుట్టినప్పుడు ‘మనూరికి టీమొచ్చింది బావా, ఇక ఒక్క మ్యాచ్ కూడా వదలొద్దు’ అన్నది అతనే. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆ సీజన్ 18 మ్యాచ్‌లాడి 10 పాయింట్లతో అట్టడుగున తేలాం. ‘కాస్త గెలవడం మొదలెట్టనీ, అప్పుడొస్తా’ అన్నాడు. న్యాయమే అనుకున్నాను. ఈ మార్చిలో ఏకంగా కప్పే గెలిచాం. ‘గెలిచేశారుగా, ఇంకేముంది చూడ్డానికి?’ అన్నాడు. నిన్నటికి కొత్త కారణం దొరికింది. ఇవాళ్టి నుంచి ఖతార్‌లో వరల్డ్ కప్. నెలంతా నిద్ర మేల్కోవాలి కాబట్టి ఒంట్లో సత్తువ దాచుకోవాలట. నీలం తెలుపు చారల జెర్సీ కొన్నాడు, వెనక 10 నంబరుతో. అర్ధరాత్రి 12.30 మ్యాచ్‌ల కోసం ఆఫీసులో సెలవులు కూడా పెట్టుకున్నాడు. మియాపూర్ నుంచి మీ దాకా రావడానికి మాత్రం ట్రాఫిక్ అడ్డం.

పోనీ రానని చెబుతాడా, చెప్పడు. అదీ నా బాధ. రానంటే రెండో టికెట్ కొనను. కర్చీఫ్ పరవను. ఐదు నిమిషాలకోసారి మెట్ల వైపు మెడ తిప్పను. ‘దారిలో ఉన్నా బావా’ అంటాడు. నిన్న ఆ మాట అంటుండగానే వెనక కుక్కర్ మూడో విజిల్ వేసింది. ఏ దారిలో కుక్కర్లు విజిల్ వేస్తాయో అడుగుదామనుకున్నాను. ఇంటావిడ తమ్ముడు కదా, అడగలేకపోయాను.

మీ వల్ల నా కాపురానికొచ్చిన చిక్కు ఇంకొకటుంది. మొన్నామధ్య ఒక మ్యాచ్‌లో గోల్ పడగానే కెమెరా మనవైపు తిరిగింది. నేను చేతులెత్తి గంతులేస్తున్నాను, పక్కన మీరు. ఐదు నిమిషాల్లో ఖమ్మం నుంచి అమ్మ ఫోన్. ‘టీవీలో కనపడ్డావురా. పక్క కుర్చీ ఖాళీగా ఉందేం? అమ్మాయితో ఏమైనా మాట పట్టింపా?’ తను ఫుట్‌బాల్ చూడదమ్మా, ఆ సీటు వాళ్ల తమ్ముడిది అన్నాను. కాసేపు ఆగి, ‘వాళ్ల తమ్ముడితో కూడా చెడిందా?’ అంది. రాత్రి పదకొండు దాకా భార్యాభర్తలిద్దరం స్పీకర్ ఫోన్‌లో సంజాయిషీలు చెప్పుకున్నాం. కెమెరా కంట పడకుండా మీరు కాస్త పక్కకి జరిగుంటే పోయేది.

ఇంకో అనుమానం కూడా ఉంది. ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. నేను ఇక్కడ కూర్చుని చూసిన మొదటి సీజన్‌లో ఆఖరి స్థానం. ఆ తర్వాత కరోనా పుణ్యమా అని రెండు సీజన్లూ గోవాలోనే ఆడారు. నేను మీ దరిదాపులకు రాలేదు. అప్పుడేమో ఒకసారి ఐదో స్థానం, మరుసటేడు కప్పు! మన స్ట్రైకర్ ఒగ్బెచె ఒక్క సీజన్‌లో 18 గోల్స్ కొట్టింది మీ ఎదుటా కాదు, నా ఎదుటా కాదు. సిక్స్ పడిందంటే ఓవర్ అయ్యేదాకా కూర్చున్న చోటి నుంచి కదలని జాతి మనది. నేను స్టేడియంలో అడుగుపెట్టడమే జట్టుకు అచ్చిరాలేదని రేపెవరైనా తేల్చితే నా దగ్గర జవాబు లేదు. శని ఖాళీ కుర్చీలో ఉందా, దాని పక్క కుర్చీలో ఉందా?

మా తాతయ్య వింటే నవ్వేవాడు. సికింద్రాబాద్‌లో పెరిగిన మనిషి. ఫుట్‌బాల్ అంటే ఆయనకు ఫతే మైదానే. కోచ్ రహీం సాబ్ చేతికింద హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. అదే రహీం సాబ్ దేశం జట్టును 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా నడిపించాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చాడు. ఈ కథ చెప్పేటప్పుడు తాతయ్య నోట ‘మనోళ్లు’ అన్న మాట లెక్కలేనన్ని సార్లు దొర్లేది. ఆ మనోళ్లలో మెరికలను కలకత్తా ఎత్తుకుపోయింది. బలరాం వెళ్లాడు, నయీం వెళ్లాడు, హబీబ్ వెళ్లాడు. 1977లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద గోల్ కొట్టినప్పుడు మన హబీబ్ ఒంటి మీద ఉన్నది మోహన్ బగాన్ చొక్కా. మనం వాళ్లకు ఆటగాళ్లను పంపాం, వాళ్లు మనకు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను పంపారు. ఆ ఇంజనీర్లు మోహన్ బగాన్ మ్యాచ్ అనగానే మెరూన్, ఆకుపచ్చ చొక్కాలేసుకుని మన స్టాండులో దిగిపోతారు. హోమ్ మ్యాచ్ అంటే ఎవరి హోమో టికెట్ తీసి చూసుకోవాల్సి వస్తుంది.

అయినా వాళ్లతో పేచీ లేదు. రంగు చూస్తే ఎవరో తెలిసిపోతుంది. చిక్కంతా నిన్న వచ్చిన కేరళ వాళ్లతోనే. మనదీ పసుపే, వాళ్లదీ పసుపే.

ఇక్కడి నుంచి మిమ్మల్ని ‘మీరు’ అనడం నావల్ల కాదు.

ఏడుంబావుకి ఒక పసుపు చొక్కా మెట్లెక్కి మన వరుసలోకి వచ్చింది, గుర్తుందా? గడ్డం, నవ్వు మొహం, పాతికేళ్ల కుర్రాడు. ‘అన్నా, ఖాళీయేనా?’ అన్నాడు, శుభ్రంగా తెలుగులో. నాకు కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లకు ఒకడొచ్చాడు! మనవాడు, మన రంగులో! భుజాన వేలాడే బ్యాగు పట్టీ కింద కేరళ జట్టు ఏనుగు బొమ్మ ఉందని నేనెందుకు వెతుకుతాను? బామ్మర్ది ఎలాగూ కుక్కర్ దగ్గరే ఉన్నాడు. నా కర్చీఫ్‌ను నా చేత్తో నేనే తీశాను. నిన్ను ఇంకోసారి తుడిచి మరీ అప్పగించాను, పెళ్లిపీటలా. చుట్టూ చూస్తే స్టాండంతా పసుపు. హైదరాబాద్ మారిపోయింది అనుకున్నాను. ఫోటో తీసి బామ్మర్దికి పంపాను, ‘చూడు, నువ్వు రాకపోయినా నిండింది’ అని.

పద్దెనిమిదో నిమిషం. కేరళ ఆటగాడు దియామంటకోస్ బంతిని మన గోల్లోకి తోశాడు. నేను తల పట్టుకున్నాను. పక్కన కుర్రాడు గాల్లోకి లేచాడు. వెనక వరుస లేచింది, ముందు వరుస లేచింది. నేను ఫోటో తీసి పంపిన పసుపంతా లేచింది. మన చుట్టుపక్కల కూర్చుని ఉన్నది నేనూ, నాలుగు వరుసల కింద ఒక పెద్దాయనా. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఎవరో పోయిన ఇంట్లో చూసుకున్నట్టు చూసుకున్నాం.

అదీ ఓర్చుకునేవాణ్ణి. కానీ ఆ కుర్రాడు లేచిన ఊపుకి నువ్వు, నా కర్చీఫ్‌తో ఒళ్లు తుడిపించుకున్న నువ్వు, టపటపటపా చప్పట్లు కొట్టావు! సిగ్గుండక్కర్లా? ఎన్ని మ్యాచ్‌లు నీ పక్కన గొంతు చించుకున్నాను! మన గోల్‌కి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ చప్పుడు చేశావా? చెయ్యవు. ఎలా చేస్తావు? ఎవడో ఒకడు కూర్చుని లేస్తే కదా మోగేది! కొన్న టికెట్‌కు, పరిచిన కర్చీఫ్‌కు, ‘దారిలో ఉన్నా’ అన్న మాటకు ఒక్కసారైనా వచ్చి కూర్చుని ఉంటే కదా! నిన్ను తిడదామని మొదలెట్టిన ప్రతి తిట్టూ మియాపూర్ పోయి పడుతోంది. ఏం చేయమంటావు?

స్కోరు మరి కదల్లేదు. 1-0. ఈ సీజన్‌లో మనకు తొలి ఓటమి.

హాఫ్ టైంలో నా మొహం చూసి కుర్రాడికి జాలేసినట్టుంది. ‘సారీ అన్నా’ అని బ్యాగులోంచి అరటికాయ చిప్స్ పొట్లం తీశాడు. నా నీళ్లు ఆపిన గేటు అతని చిప్స్‌ను ఎలా వదిలిందో దేవుడికే తెలియాలి. తిన్నాను. ఆ పఫ్ తర్వాత ఏం పెట్టినా తినేవాణ్ణి. ఆరేళ్లుగా మాదాపూర్‌లో ఉద్యోగమట. మాటల్లో మార్చి 20 సంగతి వచ్చింది. గోవా, ఫతోర్డా స్టేడియం, ఫైనల్లో మనమూ వాళ్లూ. ఈ కుర్రాడు సెలవు పెట్టి రైలెక్కి వెళ్లాడట. 88వ నిమిషంలో మన తవోరా గోల్ కొట్టగానే తన చుట్టూ ఎంత నిశ్శబ్దమైపోయిందో చెప్పాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి ఆపిన మూడూ కూర్చున్న చోటే అటూ ఇటూ వాలి చూపించాడు. నువ్వు దానికీ మోగావు, విన్నాను. మనవాళ్లు కప్పెత్తుతుంటే కాళ్లు కదలక అక్కడే నిలబడి చూశాడట.

నేనా? మా హాల్లో సోఫా మీద కూర్చుని టీవీలో చూశాను. ఆ రోజు మాత్రం బామ్మర్ది టైంకి వచ్చాడు. బిర్యానీ ఉందని చెప్పాం.

అంటే నా జట్టు కప్పు గెలవడాన్ని కళ్లారా చూసినవాడు నీ మీద కూర్చున్న అవతలి జట్టు వాడు. నేను చూడలేదు. నువ్వూ చూడలేదు. గోవాలో వేరే కుర్చీలేవో చూసి ఉంటాయి.

మ్యాచ్ అయ్యాక చేతులు తుడుచుకోమని నేనే కర్చీఫ్ ఇచ్చాను. చేతులు తుడుచుకుని, నీ మీద రాలిన చిప్స్ ముక్కలు కూడా దాంతోనే దులిపి, మడతపెట్టి ఇచ్చాడు. ‘ఫిబ్రవరిలో కొచ్చిలో మ్యాచ్ ఉంది, రండన్నా. కర్చీఫ్ వేసి ఉంచుతా’ అన్నాడు. ఆరేళ్లలో మన ఊరు అతనికి మొత్తానికి ఏదో నేర్పింది.

గేటు దాటుతుంటే ఫోన్ మోగింది. ‘బావా, ట్రాఫిక్ కాస్త తగ్గినట్టుంది. బయల్దేరమంటావా?’

కర్చీఫ్ పొద్దున్నే ఉతికి ఆరేశాను. నూనె మరక పోలేదు. తర్వాతి మ్యాచ్‌కు అదే తెస్తాను, ఏమనుకోకండి.

ఇట్లు,
మీ కుడిపక్క కుర్చీ.

తా.క.: ఆ బోల్టు బిగించడానికి ఈసారి స్పానర్ తెద్దామనుకున్నాను. గేటు దగ్గర ఆపేస్తారు. పోనీలెండి, అలాగే ఉండనివ్వండి. మా బామ్మర్ది 92 కిలోలుంటాడు. అతను మన గోల్‌కి లేస్తే మీరెలా మోగుతారో ఒక్కసారి వినాలని ఉంది.