ఊళ్లో రహస్యం ఎవరికి తెలియదని?

ఉత్తరాంధ్ర పల్లె నేపథ్యంలో పగ, రహస్యం, హత్యలంటూ వచ్చిన మరో నవల నిన్న రాత్రి ముగించాను. పేరు చెప్పను. రాసినవారు కొత్తవారు, కష్టపడ్డారు, నాలుగు కాపీలు అమ్ముకోనివ్వండి. కానీ ఈ రకం పుస్తకాలన్నిటి మీదా చాలాకాలంగా పేరుకున్న కోపం ఇక్కడ వెళ్లగక్కుతాను.

కథ మీకు తెలిసిందే. పాతికేళ్ల కిందట ఊళ్లో ఒక చావు. ఎవరికీ తెలియని రహస్యం. పట్నం నుంచి ఒకడు దిగుతాడు. వరసగా శవాలు లేస్తాయి. ఆఖరి అధ్యాయంలో మానసిక వైద్యుడు వచ్చి హంతకుడి బాల్యం మీద పాఠం చెబుతాడు.

ఎవరికీ తెలియని రహస్యమా? ఊళ్లోనా?

మాది రాజాం వైపు పల్లె. ఎవరి పొలం గట్టు ఏ రాత్రి ఎటు జరిగిందో, ఏ ఇంటి కోడలు నూతిలో 'కాలు జారి' పడిందో, మంచం పట్టిన ముసలాయన వేలు ఎవరు పట్టుకుని వీలునామా మీద ముద్ర వేయించారో ఊరందరికీ తెలుసు. చెప్పరు, అంతే. చెబితే ఎలా? రేపు పొలానికి నీళ్లు రావాలి, శ్మశానానికి దారి కావాలి, పాడె మోయడానికి నాలుగు భుజాలు కావాలి. అందుకని చంపినవాడెవడో కనిపెట్టడానికి పట్నం నుంచి ఎవరూ రానక్కర్లేదు. ఇన్నాళ్లూ నోరు కట్టుకున్నవాళ్లలో ముందు ఎవరు విప్పుతారు, ఇప్పుడే ఎందుకు విప్పుతారు? చదివేవాడికి నిద్ర పట్టనివ్వని ప్రశ్న అది. నవలాకారులు దాని జోలికే పోరు.

నిన్న ముగించిన పుస్తకంలో సెల్‌ఫోన్లున్నాయి, మునసబుగారూ ఉన్నారు! 1984లో రద్దయిన పదవి అది. పైగా హత్య కేసంతా ఎస్సై ఒక్కడే మోస్తాడు, సీఐ ఊసే లేదు. సరే, ఇవి చిన్న తప్పులు, వదిలేద్దాం. శవ పంచనామాను ఒక్క వాక్యంలో దాటేశారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండింది. ఊరి పెద్దమనుషుల్ని శవం చుట్టూ నిలబెట్టి, గాయాలు చూపించి, చావుకు కారణం ఏమనుకుంటున్నారో అడిగి, రాసి, సంతకాలు పెట్టించుకునే ఘట్టం అది. వాళ్లలో ఒకాయనకు జరిగిందంతా తెలుసు అనుకోండి. చెయ్యి వణక్కుండా సంతకం చేస్తాడు. ఇంటికి వెళ్లి, నూతి దగ్గర స్నానం చేసి, అన్నానికి కూర్చుంటాడు. భార్య ఏమీ అడగదు. ఆమెకూ తెలుసు. ఆ భోజనం మీద ఒక అధ్యాయం రాయవచ్చు. మనవాళ్లు కారు ఛేజింగు రాస్తారు.

కోర్టు సంగతీ అంతే. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సాక్షి చేత సంతకం పెట్టించకూడదని చట్టమే చెబుతుంది. 2024 జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు వచ్చి హత్యకు సెక్షన్ 302 పోయి 103 వచ్చినా ఆ పద్ధతి మారలేదు. కాబట్టి స్టేషన్లో అంతా చెప్పిన మనిషి బోనెక్కి "ఆ రోజు నేను ఊళ్లోనే లేను బాబూ" అనేయవచ్చు. అలా అనడానికి ముందు రాత్రి అతని ఇంటికి ఎవరెవరు వచ్చారు, ఏ చుట్టరికం కలిపారు, ఎవరి పెళ్లి ఎత్తుకొచ్చి బతిమాలారు? మనస్తత్వ నవలకు ఇంతకన్నా సరుకు ఎక్కడ దొరుకుతుంది?

ఇక పగ. తాండ్ర పాపారాయుడు తిరిగిన రాజాం మాది. 1757లో బొబ్బిలి కోట కూలాక ఆయన విజయనగరం రాజు డేరాలో దూరి పొడిచి చంపిన కథను బుర్రకథల్లో విని పెరిగాం. అది రాజుల పగ, కత్తితో తీరింది. పల్లెలో పగ తీరే తీరు వేరు. పెళ్లికొడుకు తరఫువాళ్లు అమ్మాయి గురించి వాకబుకు వస్తారు. బస్సు దిగి టీ బడ్డీ దగ్గర ఆగి, "ఫలానావారు ఎలాంటివారండీ?" అని అడుగుతారు. బల్ల మీద కూర్చున్నాయన గ్లాసు కింద పెడతాడు. "మంచివాళ్లేనండీ" అంటాడు. కాసేపు రోడ్డు వైపు చూస్తాడు. "ఇంతకీ ఈ సంబంధం మీకు ఎవరు చెప్పారు?" అంటాడు. ఒక్క చెడ్డమాట లేదు. వచ్చినవాళ్లు ఆ గడప తొక్కకుండానే తిరుగు బస్సు ఎక్కుతారు. ఎప్పుడో కాలవ నీళ్ల తగవులో పదిమంది ముందు పడ్డ మాటకు ఇవాళ బాకీ తీరింది. దీనికి ఏ సెక్షనూ లేదు. ఈ దెబ్బకు కాస్త బలం చాలకపోతే ఆకాశరామన్న ఉత్తరం ఉండనే ఉంది.

రహస్యం లేకుండా నేరకథ నిలబడదు అనేవాళ్లు శ్రీకాకుళం మనిషి కాళీపట్నం రామారావు 1964లో రాసిన 'యజ్ఞం' తీసి చూడండి. అప్పు తగవు, ఊరంతా కూర్చున్న పంచాయతీ, దాచింది ఏమీ లేదు. చివర్లో సీతారాముడు కన్నకొడుకునే చంపుకుంటాడు. (ముగింపు చెప్పేశానని తిట్టకండి. అరవై ఏళ్లు దాటిన కథ.) ఆ చావుకు ఎవరిది బాధ్యత అని ఇప్పటికీ వాదించుకుంటున్నాం.

అన్నట్టు, మా యాస. ఈ నవలల్లో అది మాట్లాడేది పాలేరు, తాగుబోతు, వెర్రివాడు. తెలివైనవాళ్లంతా పుస్తక భాషే మాట్లాడతారు. హంతకుడికైనా మా యాస ఇవ్వవచ్చు కదా, కనీసం తెలివైనవాడనిపించుకునేవాళ్లం.

నన్నడిగితే నేరం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో మొదలవ్వాలి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటా మన రాష్ట్రంలో 1985లోనే వచ్చింది, అప్పటికే పెళ్లయినవారికి లేదన్న మెలికతో. దేశమంతటికీ 2005లో వచ్చింది. చట్టం వచ్చింది కానీ, తమ్ముళ్లు అక్కను కారెక్కించి తీసుకెళ్లి, హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించి, హోటల్లో టిఫిను తినిపించి, చీర చేతిలో పెట్టి పంపడం ఆగలేదు. ఆమె నవ్వుతూనే వెళుతుంది. ఏటా తండ్రి ఆబ్దికానికి వస్తుంది, వండుతుంది, వడ్డిస్తుంది, మేనల్లుళ్లకు బట్టలు తెస్తుంది. ఆ ఇంట్లో ప్రతి తాళంచెవి ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు. ఏ తమ్ముడు ఏ మందు ఎన్ని గంటలకు వేసుకుంటాడో కూడా తెలుసు.

చంపింది ఆమేనని మొదటి పేజీలోనే చెప్పేయండి, నాకేమీ అభ్యంతరం లేదు. రెండో తమ్ముడు ఆమెను అనుమానిస్తూనే ఆమె వడ్డించిన అన్నం ఎందుకు తిన్నాడో చెప్పండి చాలు. ఇలాంటిది ఎవరైనా ఇప్పటికే రాసి ఉంటే కింద పేరు పెట్టండి, వెంటనే తెప్పించుకుంటాను.