సవరణ: పొద్దుతిరుగుడుతో సీసం పోదు

అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఆల్టడీనాలో ఉండే మా అక్క తోట గురించి పోయిన వారం రాస్తూ, 2025 జనవరి కార్చిచ్చు బూడిద పడిన మట్టిలో పొద్దుతిరుగుడు వేస్తే రెండు పంటల్లో సీసం పోతుందన్నాను. అది తప్పు, క్షమించండి. సీసం మట్టిని గట్టిగా అంటిపెట్టుకుంటుంది, మొక్కలోకి ఎక్కేది చాలా తక్కువ.

ముందు మట్టి పరీక్ష చేయించాలి. కాలిఫోర్నియాలో ఇళ్ల మట్టికి పెట్టుకున్న జాగ్రత్త హద్దు కిలో మట్టికి 80 మిల్లీగ్రాముల సీసం. దాటితే పైపొర తీయించాలి, లేదా ఎత్తు మడి కట్టి కొత్త మట్టి పోయాలి. కంపోస్టు సీసాన్ని తీసేయదు, పట్టి ఉంచుతుందంతే.

ఇక్కడ బెంగళూరులో మా మిద్దె తోటకి కట్టెల బూడిద చల్లుతాను కదా, అదీ ఇదీ ఒకటనుకోకండి. కాలిన ఇళ్ల బూడిదలో సీసం కలిసిన పాత పెయింటు కూడా ఉండొచ్చు. వీడియో కాల్‌లో అక్క గోళ్ల కింద ఆ నల్లమట్టి చూసి టెన్షన్ పడ్డాను. గ్లవ్స్ లేకుండా దిగొద్దన్నాను.