పాపం, ఆ యూనివర్సిటీలు ఎంత మోసపోయాయో!

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అవినీతి గురించి మాట్లాడే ప్రతివాడూ ఆడే కుర్రాళ్ళ మీద జాలిపడతాడు, కోచ్‌ల మీద విరుచుకుపడతాడు, రూల్సు పెట్టే ఎన్‌సీఏఏ మీద జోకులేస్తాడు. యూనివర్సిటీల కోసం మాత్రం ఒక్కడూ కన్నీటి చుక్క రాల్చడు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం. ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో మోసపోయింది యూనివర్సిటీలేనని మన్‌హాటన్ ఫెడరల్ కోర్టులో జ్యూరీ తేల్చింది. అంతటివాళ్ళు తేల్చాక కాదనడానికి మనమెవరం?

2017 సెప్టెంబర్ 26న ఈ కేసు బయటపడింది. పది మంది నిందితులు. ఆబర్న్, ఓక్లహోమా స్టేట్, అరిజోనా, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీల అసిస్టెంట్ కోచ్‌లు నలుగురు, అడిడాస్ ఉద్యోగి జేమ్స్ గాటో, ఏజెంట్ల చుట్టూ తిరుగుతూ తానూ ఏజెంట్ అవుదామనుకున్న క్రిస్టియన్ డాకిన్స్, ఇంకా కొందరు. వాళ్ళలో సూట్లు కుట్టించే ఆయన కూడా ఉన్నాడు. అంత పెద్ద కుట్రకు కొలతలు తీసుకునేవాడు ఉండాలి కదా. "మీ ప్లేబుక్ మా చేతిలో ఉంది" అని ఎఫ్‌బీఐ అధికారి ప్రెస్‌మీట్‌లో గర్జించాడు. దేశంలోని హెడ్ కోచ్‌లందరికీ టెన్షన్ పట్టుకుంది. ఇక వాళ్ళ వంతేనని అంతా ఎదురుచూశారు. ఆ వంతు రాలేదు. ఒక్క హెడ్ కోచ్ మీద కూడా కేసు పెట్టలేదు.

అసలు నేరమేమిటో కాస్త నిదానంగా చూద్దాం, ఇందులో న్యాయశాస్త్ర విద్యార్థులు నేర్చుకోవాల్సింది చాలా ఉంది. బ్రయన్ బోవెన్ అనే మంచి ఆటగాడు లూయీవిల్ యూనివర్సిటీలో చేరేలా వాళ్ళ నాన్నకు లక్ష డాలర్లు ముట్టజెప్పాలని అడిడాస్ మనుషులు ఏర్పాటు చేశారు. షూ కంపెనీ వాడు ఒక తండ్రికి డబ్బిస్తే అది చట్టప్రకారం నేరమా? కాదు. ఎన్‌సీఏఏ రూలుకి విరుద్ధం, అంతే. ఎన్‌సీఏఏ రూలు చట్టం కాదు. మరి జైలుకి పంపేదెలా? ప్రాసిక్యూటర్లు ఇలా అల్లుకొచ్చారు. డబ్బు ముట్టిన కుర్రాడికి ఆడే అర్హత పోతుంది. ఆ సంగతి తెలియని అమాయక యూనివర్సిటీ అతనికి స్కాలర్‌షిప్ ఇచ్చింది. కాబట్టి గాటో, డాకిన్స్ కలిసి యూనివర్సిటీని స్కాలర్‌షిప్ మేరకు మోసం చేశారు. 2018 అక్టోబర్‌లో జ్యూరీ ఔనంది. గాటోకి తొమ్మిది నెలలు, డాకిన్స్‌కీ ఇంకొకాయనకీ ఆరేసి నెలలు జైలు. పైగా యూనివర్సిటీలకు నష్టపరిహారం.

నష్టపోయిన లూయీవిల్ పరిస్థితి తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. అరెస్టులకు సరిగ్గా నెల ముందే అదే అడిడాస్‌తో పదేళ్ళకు 16 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరినట్టు ప్రకటించింది. ఇంకో బాధితురాలు కాన్సాస్. దాని క్షమాగుణం మరీ గొప్పది. తనను మోసం చేసిన గాటోకి 2019 మార్చిలో శిక్ష పడింది. ఏప్రిల్‌లో ఆ గాటో పనిచేసిన కంపెనీతోనే 14 ఏళ్ళకు 19.6 కోట్ల డాలర్ల ఒప్పందాన్ని ఖరారు చేసుకుంది. ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపించమన్నారు కానీ, రెండో చెంప మీద లోగో వేయించుకోమని ఎవరూ చెప్పలేదు. అది కాన్సాస్ సొంత ఔదార్యం. బోవెన్ మాత్రం లూయీవిల్ జెర్సీ వేసుకుని ఒక్క మ్యాచ్ ఆడలేదు. అతను బాధితుల లిస్టులో లేడు.

రూల్సు అమలు చేయడంలో ఎన్‌సీఏఏ శ్రద్ధను శంకించేవాళ్ళు ముందు వంటింటి వైపు చూడాలి. ఒకప్పటి రూల్సు ప్రకారం ఆటగాళ్ళకు భోజన వేళ కాని వేళ బేగెల్ అనే గుండ్రటి రొట్టె ఇవ్వచ్చు. దాని మీద క్రీమ్ చీజ్ రాస్తే మాత్రం అది చిరుతిండి కాదు, భోజనం. అంటే అక్రమం. మన లెక్కలో చెప్పాలంటే ఇడ్లీ పెట్టొచ్చు, చట్నీ వేస్తే కేసు. 2014లో ఓక్లహోమా యూనివర్సిటీ తనంతట తానే ఒక ఘోరాన్ని బయటపెట్టుకుంది. గ్రాడ్యుయేషన్ విందులో ముగ్గురు ఆటగాళ్ళు మోతాదు మించి పాస్తా తిన్నారట. తలా 3.83 డాలర్లు చారిటీకి కట్టించి పాపపరిహారం చేయించారు. ఆ 83 సెంట్లు ఎలా లెక్కకట్టారో ఊహించుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఎన్‌సీఏఏ జాతీయ టోర్నమెంట్‌లో కనెక్టికట్‌ని ఛాంపియన్‌గా నిలిపిన షబాజ్ నేపియర్, తాను ఆకలితో పడుకున్న రాత్రులున్నాయని విలేకరులతో అన్నాడు. ఆ నెల్లోనే ఎన్‌సీఏఏ వాళ్ళు ఆటగాళ్ళు ఎంత తిన్నా పర్వాలేదని తీర్మానించారు. తొందరపడ్డారేమోనని నా అనుమానం. రెండేళ్ళ తర్వాత ఆ టోర్నమెంట్ టీవీ హక్కుల్ని మరో ఎనిమిదేళ్ళకు 880 కోట్ల డాలర్లకు పొడిగించారు. అన్నంపెట్టే స్తోమత వచ్చేదాకా ఆగాల్సింది.

ఇక డబ్బు పంచే పద్ధతులు. 1988లో కెంటకీ బాస్కెట్‌బాల్ ఆఫీసు నుంచి లాస్ ఏంజెలెస్‌లోని ఒక ఆటగాడి తండ్రికి కొరియర్ కవర్ వెళ్ళింది. దారిలో కవర్ ఊడి, లోపల వెయ్యి డాలర్ల నగదు కనిపించిందని కొరియర్ ఉద్యోగులు చెప్పారు. పంపినట్టు రాసి ఉన్న అసిస్టెంట్ కోచ్ తాను పెట్టలేదన్నాడు. కొరియర్ కంపెనీ మీద దావా వేశాడు. కంపెనీ రాజీకొచ్చింది. చివరికి కెంటకీకి మూడేళ్ళ ప్రొబేషన్, రెండేళ్ళు టోర్నమెంట్ నిషేధం పడ్డాయి. లాస్ వేగస్ యూనివర్సిటీ కోచ్ జెర్రీ టార్కానియన్ అప్పట్లో అన్నట్టుగా ఒక మాట ఇప్పటికీ చెప్పుకుంటారు: కెంటకీ మీద ఎన్‌సీఏఏకి ఎంత కోపమొచ్చిందంటే, క్లీవ్‌లాండ్ స్టేట్‌కి ఇంకో రెండేళ్ళు ప్రొబేషన్ వేసేస్తుంది. పెద్ద కాలేజీ మీద కోపం చిన్న కాలేజీ మీద, అంటే అత్త మీద కోపం దుత్త మీద చూపడమన్నమాట. ఆయనకి అనుభవముంది. ఎన్‌సీఏఏతో సుప్రీంకోర్టు దాకా పోట్లాడి 1988లో 5-4 తేడాతో ఓడాడు. పదేళ్ళ తర్వాత ఎన్‌సీఏఏనే ఆయనకు 25 లక్షల డాలర్లిచ్చి గొడవ వదిలించుకుంది. గెలిచినవాడు ఓడినవాడికి డబ్బు కట్టే ఆట ఇదొక్కటే అనుకుంటా.

ఎన్‌సీఏఏ చేతిలో ఉన్న బ్రహ్మాస్త్రం పేరు 'వెకేట్'. అంటే గెలిచిన మ్యాచ్ గెలవనట్టు రాసుకోవడం. మిషిగన్ అభిమాని ఒకాయన క్రిస్ వెబర్ సహా నలుగురు ఆటగాళ్ళకు 6,16,000 డాలర్లు అప్పిచ్చాడని తేలితే, 1992, 1993 ఫైనల్ ఫోర్ (అంటే సెమీఫైనల్స్ చేరిన) బ్యానర్లు స్టేడియం కప్పు నుంచి దింపేశారు. లూయీవిల్ 2013 ఛాంపియన్‌షిప్ కూడా 2018లో అలాగే మాయమైంది. దాని కారణం హాస్టల్లో జరిగిన వేరే కథ, కుటుంబ సమేతంగా చదువుకునేది కాదు కాబట్టి వదిలేద్దాం. ఆ 2013 ఫైనల్లో లూయీవిల్ చేతిలో ఓడింది ఎవరనుకున్నారు? మిషిగనే. గెలిచినవాళ్ళు గెలవలేదు, ఓడినవాళ్ళు మాత్రం ఓడారు. టీవీలో ఆ రాత్రి వచ్చిన ప్రకటనల డబ్బు వెకేట్ అయిందని ఎక్కడా చదవలేదు.

2017 కేసుల్లో పెద్దవాటిని తేల్చడానికి ఎన్‌సీఏఏ ప్రత్యేకంగా ఒక స్వతంత్ర మండలి పెట్టింది. కాండొలీజా రైస్ లాంటి మాజీ విదేశాంగ మంత్రి కమిటీ సలహా ఇచ్చాక ఆషామాషీగా ఉంటుందా? కాన్సాస్ తీర్పు 2023 అక్టోబర్‌లో వచ్చింది. ఆరేళ్ళు. మధ్యలో 2022లో కాన్సాస్ జాతీయ ఛాంపియన్ కూడా అయిపోయింది. తీర్పులో 2018 ఫైనల్ ఫోర్ వెకేట్ చేసి, 2022 కప్పు జోలికి పోలేదు. ఆ మండలినీ తర్వాత మూసేశారు, అదీ వెకేట్ అయినట్టే.

2021 జనవరిలో గాటో బృందం అప్పీలు కొట్టేశారు. వాళ్ళు నేరస్తులేనని ఖాయమైంది. అదే ఏడాది జూన్‌లో సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకి మొట్టికాయ వేసింది. జులై 1 నుంచి ఆటగాళ్ళు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకోవచ్చని ఎన్‌సీఏఏ వాళ్ళు అన్నారు. ఆడినందుకు కాదండోయ్, ప్రకటనలకు. ఆ తేడా మరిచిపోతే అవినీతి అవుతుంది. 2022 ఏప్రిల్లో నైజెల్ ప్యాక్ మయామీకి మారినప్పుడు అక్కడి వ్యాపారి ఒకాయన రెండేళ్ళకు 8 లక్షల డాలర్లు, ఒక కారు ఇస్తున్నట్టు ట్విట్టర్‌లో అందరికీ చెప్పాడు. కొరియర్ కవర్ అక్కర్లేదు, టైలర్ అక్కర్లేదు. బోవెన్ తండ్రికి అనుకున్నదానికి ఎనిమిది రెట్లు, దానికి లైకులు. ఎవరూ మోసపోలేదు. యూనివర్సిటీకి ముందే తెలిస్తే అది మోసమెలా అవుతుంది?

ఈ సంపాదనలో మనవాళ్ళకు బాగా తెలిసిన ఒక చిక్కుంది, ఎఫ్-1 స్టూడెంట్ వీసా. వారానికి 20 గంటలు డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగే మన పిల్లలదీ, వరుసగా రెండేళ్ళు దేశంలో మేటి ఆటగాడైన 2024 దాకా పర్డ్యూ యూనివర్సిటీకి ఆడిన జాక్ ఈడీదీ అదే వీసా. ఈడీ కెనడావాడు. అతని జెర్సీ వేసుకున్న తోటి విద్యార్థి ప్రకటన చేసి డబ్బు తీసుకోగలిగేవాడు, అతనికి మాత్రం ఆ వీలుండేది కాదు. కెంటకీకి ఆడిన కాంగో కుర్రాడు ఆస్కార్ షీబ్వే మాత్రం దారి కనుక్కున్నాడు. 2022 ఆగస్టులో జట్టు బహామాస్ వెళ్ళినప్పుడు అమెరికా గడ్డ దాటి ప్రకటనల పని చక్కబెట్టుకున్నాడు. ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) టెన్షన్లో ఉన్న పిల్లలకు ఒక మాట: బహామాస్ చిట్కా మీకు పనికిరాదు, ఆరడుగుల తొమ్మిదంగుళాలు ఉండాలి.

2025 జులై నుంచి యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్ళకు డబ్బు పంచొచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీ మొత్తం 2.05 కోట్ల డాలర్ల దాకా. అయితే రూల్సు పోయాయనుకోకండి. కొత్తగా కాలేజ్ స్పోర్ట్స్ కమిషన్ పుట్టింది. బయటివాళ్ళిచ్చే 600 డాలర్లకు పైబడిన ప్రతి ఒప్పందాన్నీ దానికి చూపించాలి. అకౌంటింగ్ కంపెనీ డెలాయిట్ కట్టిన సాఫ్ట్‌వేర్ అది న్యాయమైన ధరేనా, నిజమైన వ్యాపార అవసరం ఉందా అని చూస్తుంది. పాస్తా తూకం నుంచి పంతొమ్మిదేళ్ళ కుర్రాడి ముఖం ధర దాకా వచ్చామంటే అభివృద్ధే.

పాత కేసుల్లో మిగిలినవాళ్ళ బాగోగులు కూడా చెప్పుకోవాలి. ఎఫ్‌బీఐ వైర్‌ట్యాప్‌లో ఒక ఆటగాడికి గట్టి ఆఫర్ ఇచ్చానని మాట్లాడుతూ దొరికిన హెడ్ కోచ్ విల్ వేడ్‌ని లూసియానా స్టేట్ యూనివర్సిటీ 2022లో తీసేసింది. 2023లో మెక్‌నీస్ యూనివర్సిటీ పిలిచింది, 2025లో నార్త్ కరొలైనా స్టేట్ పిలిచింది. ఈ నార్త్ కరొలైనా స్టేట్ కూడా గాటో కేసులో కోర్టు గుర్తించిన బాధితురాలే. లూయీవిల్ పంపించేసిన హెడ్ కోచ్ రిక్ పిటీనో ఇప్పుడు న్యూయార్క్ సెయింట్ జాన్స్ కోచ్. అరిజోనా హెడ్ కోచ్ షాన్ మిల్లర్ కింద పనిచేసిన ఇద్దరు అసిస్టెంట్లకు నిషేధం పడింది. మిల్లర్ మాత్రం రూల్సు పాటించే వాతావరణాన్ని ప్రోత్సహించాడని 2022 డిసెంబర్‌లో ఆ స్వతంత్ర మండలి తేల్చింది. ఆ ఇద్దరిలో 20,000 డాలర్ల లంచానికి మూడు నెలలు జైల్లో ఉండొచ్చిన బుక్ రిచర్డ్‌సన్‌కి అదే తీర్పులో పదేళ్ళు పడ్డాయి. 2032 దాకా ఏ కాలేజీ ఆయన్ని తీసుకోవాలన్నా ముందు ఎన్‌సీఏఏకి సంజాయిషీ చెప్పుకోవాలి. 2025లో మిల్లర్‌ని తీసుకున్న టెక్సాస్‌కి ఆ శ్రమ లేకపోయింది.